సరంగు

సముద్రం లేని ఊళ్లో
సరంగు కోసం వెతుకుతున్నాం.

మూసాపేట, టైర్ల కొట్టు మీద రెండో అంతస్తు.
ముగ్గురం, నాలుగు కుర్చీలు.
నాలుగోదాంట్లో వైఫై డబ్బా కూర్చుంటుంది.
మేం రాసింది నీళ్ల ట్యాంకర్ల యాప్.
ఏప్రిల్‌లో, పొద్దున ఆరింటికి,
నిజాంపేట అపార్ట్‌మెంట్లన్నీ ఒక్కసారే లేచి
ఒకే మీట మీద వేలు పెడతాయి.
ఆరూ మూడుకి మా సర్వరు పడుకుంటుంది.

చంద్రహాస్ బోర్డు మీద చుక్కాని గీశాడు.
కుబర్నెటీస్ అంటే గ్రీకులో ఓడ నడిపేవాడట.
గ్రీకు నాకు రాదు. ఓడ నేనెక్కలేదు.
హుస్సేన్ సాగర్లో బుద్ధుడి దాకా పోయొచ్చిన లాంచీ,
అంతే నా నౌకాయానం.
కంటెయినర్లు మాత్రం చూశాను,
సనత్‌నగర్ డిపోలో, ఒకదాని మీద ఒకటి,
ఏ రేవూ గుర్తులేనట్టు ఎండలో.

వెయ్యి మెషీన్లొచ్చినా తట్టుకుంటుంది, అన్నాడు.
పరీక్ష రాసి పాసైనవాడు, అనగలడు.
మనకున్నవి మూడు, అంది నఫీసా.
నలుగురి తిండికి దేగ్ ఎక్కిస్తావా?
స్వార్మ్ చాలు. ఒక ఫైలు, రెండు ఆదేశాలు.
దానికి వయసైపోయింది, రేపు దిక్కుండదు, అన్నాడతను.
నోమాడ్ మాట నేనెత్తాను.
ఇద్దరూ నావైపు
పెళ్లికి పిలవని చుట్టాన్ని చూసినట్టు చూశారు.

మూడు రోజులు ఇదే.
ఉస్మానియా బిస్కెట్లు అయిపోయాయి, వాదన అవలేదు.
యామల్ ఫైల్లో ఒక్క ఖాళీ పక్కకి జరిగితే
మొత్తం కూలబడింది.
పద్యంలో గణం తప్పినా ఇంత శిక్ష లేదు.

నాలుగో రోజు మెట్లు దిగి
బాలమణి గదికెళ్లాను.
పన్నెండు బళ్లు, ఒక నల్లబోర్డు,
చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కున్న ఫోను.
మా యాప్ రాకముందూ ఆమే, పడిపోయినప్పుడూ ఆమే.

ఒక డ్రైవరు రాకుంటే ఏం చేస్తావక్కా?
"ఇంకోణ్ణి తోల్త."
వాడూ రాకుంటే?
"ఇంకోణ్ణి. నీళ్లయితె ఆగొద్దు గద."

సరిగ్గా ఇదే, పైన బోర్డు మీదున్నది ఇదే,
అనుకుని వెనక్కి తిరిగాను.
మెట్టు మీద కాలు పెట్టాక వినిపించింది.

"గని పొద్దుమీకి పోయి అడుగుత, ఎందుకు రాలేదని.
మొన్న సోమ్లా రాలే.
పోయి చూస్తే వాని బిడ్డకు డెంగీ."

పైకొచ్చి మళ్లీ మూడింటినీ చూశాను.
చచ్చినదాని చోట కొత్తదాన్ని నిలబెట్టి,
పేరు చివర నాలుగక్షరాలు మార్చి,
పచ్చచుక్క పెట్టేస్తాయి.
ఏదీ పొద్దుమీకి పోయి అడగదు.
అడగాల్సింది మేమే.
అయితే సగం నిద్రలో, కళ్లు మండుతూ,
ముగ్గురం దేన్ని అడగగలం?
ఏది చెప్పే జవాబు
మాకర్థమవుతుంది?

స్వార్మ్ అనుకున్నాం.
నఫీసా గెలిచినట్టు నవ్వలేదు, ఫైలు తెరిచింది.
చంద్రహాస్ చుక్కానిని తుడవలేదు.
దాని కింద చిన్న అక్షరాల్తో రాశాడు:
యాభై బళ్లు దాటాక.
ఇంకా ఉంది అక్కడే.

మే నెలలో ఓ రాత్రి, రెండూ పదికి, ఫోను మోగింది.
లాప్‌టాప్ మూత తీసేలోపే
పడినది లేచి నిలబడి ఉంది.
మూడూ పచ్చగా.
పడుకోవచ్చు.

లాగ్ తెరిచి అడిగాను, ఎందుకు పడ్డావని.
మెమరీ నిండిందంది.
ఎవరు నింపారన్నాను.
ప్రగతినగర్లో ఒకే ఫ్లాటు,
అర్ధరాత్రి నుంచీ నూట నలభైసార్లు,
అదే మీట.

నంబరు అరచేతిలో రాసుకున్నాను,
ఐదింటికి బాలమణి
బోర్డు తుడిచేముందే చెప్పాలని.